పద్నాలుగో రోజు పువ్వుముడి

మా ఆసుపత్రికి వచ్చే కుక్కలు అబద్ధాలు చెప్పవు. పిల్లులూ చెప్పవు, వాటికి మనతో మాట్లాడే తీరికే ఉండదు. అబద్ధాలన్నీ వాటిని చంకన వేసుకొచ్చేవాళ్లవే. ఎనిమిదేళ్లుగా ముందుగదిలో బల్ల వెనక కూర్చుని చీటీలు రాస్తున్నదాన్ని, ఈ సంగతి నాకు తెలిసినంతగా లోపల ఉండే డాక్టరమ్మకి కూడా తెలియదు.

"పది రోజులు తడపొద్దన్నాం కదండీ?" అని అడిగితే, "అబ్బే, తడపలేదండీ. షాంపూ పెట్టానంతే" అన్న పెద్దమనిషి ఉన్నాడు. ఆ షాంపూ ఎలా వదిలించాడో నేనడగలేదు. వారం రోజుల మాత్రలు రెండు రోజులే వేసి, మిగతావి మళ్లీ జబ్బు చేస్తే పనికొస్తాయని బీరువాలో దాచిన ఇల్లాలు ఉంది. ఇక గరాటు సంగతి చెప్పనే అక్కర్లేదు. కుట్లు నాక్కోకుండా మెడ చుట్టూ బిగించే ప్లాస్టిక్ తొడుగుని మేం గరాటు అంటాం. "పాపం, అదలా చూస్తుంటే మనసొప్పలేదండీ" అని మా గేటు దాటకముందే దాన్ని పీకేసినవాళ్లకి లెక్కే లేదు. ఒకాయన పీకిన గరాటుని పారెయ్యబుద్ధికాక, పెరట్లో కొత్తగా నాటిన మొక్క చుట్టూ పెట్టాడు. మొక్క ఏపుగా పెరిగిందట. పిల్లికే మళ్లీ కుట్లు వెయ్యాల్సొచ్చింది.

ఇలాంటి మహానుభావులందరికీ జాగ్రత్తలు చెప్పి పంపే పని మా పిన్నిది.

పిన్ని అంటే మా అమ్మకి చెల్లెలు. ఆసుపత్రిలో కట్లు కడుతుంది. నేను పనిలో చేరి పిన్నీ పిన్నీ అని పిలవడం మొదలుపెట్టాక, తనకంటే మూడేళ్లు పెద్దదైన డాక్టరమ్మ కూడా పిన్నీ అనే పిలవసాగింది. మనిషి సన్నగా, పొట్టిగా ఉంటుంది. కోపం మాత్రం ముక్కు మీదే కాదు, భుజాల మీద కూడా కూర్చుని ఉంటుంది. కుక్కల మీద ఒక్కసారీ అరవగా నేను చూడలేదు. వాటి తాలూకు మనుషుల మీద అరవని రోజూ చూడలేదు.

ఆసుపత్రికి రాకముందు పిన్ని ఒక లేడీస్ టైలర్ షాపులో పదేళ్లు పనిచేసింది. బొత్తాలు కుట్టడం, దారప్పోగులు కత్తిరించడం, ఇస్త్రీ చేసి మడతపెట్టి కాగితంలో చుట్టివ్వడం ఆమె వంతు. కుట్టు ఎంత గొప్పగా ఉన్నా, ఒక్క దారం వేలాడుతూ కనపడితే ఆ బట్ట వాళ్ల మాస్టరు గుమ్మం దాటనిచ్చేవాడు కాదట. రెడీమేడ్ కొట్లు వచ్చి ఆ షాపు మూతపడ్డాక, పిన్ని మా ఆసుపత్రిలో ఊడ్చే పనికి చేరింది. ఒకరోజు కుక్కలకి పరిచే దుప్పటి చిరిగితే కూర్చుని కుట్టింది. డాక్టరమ్మ ఆ దుప్పటిని వెలుతురుకి పట్టుకుని చిరుగు ఎక్కడుందో వెతికి వెతికి, దొరక్క, "ఈ చేతులతో చీపురు పట్టిస్తున్నానా నేను?" అని తన్ను తాను తిట్టుకుని, మర్నాటి నుంచే కట్లు కట్టడం నేర్పింది. ఇదంతా జరిగి ఇరవై ఆరేళ్లయింది.

షాపు పోయింది గానీ షాపు అలవాటు పోలేదు. పిన్ని చేతుల మీదుగా వెళ్లే ఏ జంతువూ వచ్చినట్టు వెళ్లేది కాదు. ఆపరేషన్ అయిన కుక్కని ఇంటికి పంపేముందు గంటసేపు లోపలి గదిలో తలుపు వేసుకునేది. ఒంటి మీద మందు మరకలు తడిగుడ్డతో తుడిచేది. చెవుల వెనక చిక్కులు తీసి, వెంట్రుకలు దువ్వి, గుండు గీసిన చోటు అంచులు చిన్న కత్తెరతో సమం చేసేది. తెల్లటి కట్టు మీద టైలర్ షాపుల్లో అడిగి తెచ్చుకున్న పూలగుడ్డ ముక్క ఒకటి చుట్టేది. ఆఖరున మెడకి అదే గుడ్డతో పువ్వుముడి. తలుపు తీసుకుని కుక్క బయటికొచ్చేసరికి ముందుగదిలో కూర్చున్నవాళ్లందరూ "అబ్బ!" అనేవాళ్లు. ఆ "అబ్బ!" వినడానికి పిన్ని తలుపు వెనకే ఒక నిమిషం ఆగేదని నాకు తెలుసు. నేనూ గర్వపడేదాన్ని. ఊళ్లో ఇంకో రెండు ఆసుపత్రులున్నా మా దగ్గరికే జనం రావడానికి ఆ పువ్వుముడి కూడా ఒక కారణం.

ఆ తర్వాత వేళ్లు మడిచి జాగ్రత్తలు చెప్పేది. "గరాటు తియ్యకూడదు. తడపకూడదు. గెంతనివ్వకూడదు. రోజూ కట్టు విప్పి చూసుకోవాలి, మందు రాసి మళ్లీ కట్టాలి." ఒకటికి మూడుసార్లు చెప్పేది. వాళ్లు గంగిరెద్దుల్లా తలలాడించి, కుక్కని ఫోటో తీసుకుని, వెళ్లిపోయేవాళ్లు. నాలుగో రోజున కుట్లు ఊడి తిరిగొచ్చేవాళ్లు. పిన్ని నెత్తీ నోరూ బాదుకునేది. మళ్లీ కట్టేది, మళ్లీ దువ్వేది, మళ్లీ పువ్వుముడి వేసేది.

ఇదిలా సాగుతుండగా హారన్ వచ్చింది.

హారన్ అంటే డ్రైవింగ్ స్కూల్ మేడం గారి కుక్క. గోధుమరంగు, వేలాడే చెవులు. వీధిలో ఆకు కదిలినా ఊరుకోదు, అందుకే ఆ పేరు. పిల్లిని తరుముతూ ఇనప గేటు మీద నుంచి దూకబోయి, వెనక కాలు తొడ దగ్గర్నుంచి మోకాలి దాకా చీరుకుంది. డాక్టరమ్మ రెండు గంటలు కూర్చుని కుట్టింది. పిన్ని గంటసేపు ముస్తాబు చేసింది, నీలిపూల గుడ్డతో. మేడం ఆ ముస్తాబు చూసి కళ్లు తుడుచుకుని, ఫోటో తీసుకుని, జాగ్రత్తల కార్డు హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని వెళ్లింది.

నాలుగో రోజున సగం కుట్లు ఊడి వచ్చింది. "మా ఆడపడుచు వాళ్లొచ్చారండీ. ఫోటో కోసమని ఒక్క నిమిషం గరాటు తీశాం" అంది మేడం. ఆ నిమిషం ఎన్ని గంటలుందో హారన్ కాలే చెప్తోంది.

మళ్లీ కుట్టారు. ఈసారి పిన్ని కార్డు ఎర్రసిరాతో రాసింది. ముస్తాబు కూడా ఇంకాస్త శ్రద్ధగా చేసింది, ఆకుపచ్చ గుడ్డ వాడింది. ఆ తర్వాత ఆరో రోజున హారన్ మూడు కాళ్ల మీద కుంటుకుంటూ వచ్చింది. కట్టు విప్పకముందే ముందుగదంతా చీము వాసన.

"ఏం చేశారు?" అంది పిన్ని.

"చాలా హుషారుగా కనపడిందండీ. మేడ మీద బంతి వేశాం. రెండుసార్లే."

"మీ దగ్గర డ్రైవింగ్ నేర్చుకునేవాళ్లు, బండి హుషారుగా ఉందని బ్రేకు వెయ్యకుండా పోతే ఊరుకుంటారా మేడం?" అని పిన్ని విరుచుకుపడింది. మేడం రోజంతా కారులో పక్కసీట్లో కూర్చుని ఇతరులకి జాగ్రత్తలు చెప్పే మనిషి. తల దించుకుని నేల చూస్తూ నిలబడింది.

డాక్టరమ్మ గాయం శుభ్రం చేసి, బయటికొచ్చి మా ముగ్గురికీ చెప్పింది. "రెండు రోజులు ఇక్కడే ఉంచి చీము ఆరనిచ్చి కుడతాను. కానీ ఇదే ఆఖరు. కుట్టడానికి అక్కడ ఇంక చర్మం మిగల్లేదు. ఈ కుట్లు ఊడితే కాలు తీసెయ్యాల్సిందే."

మేడం ఏడ్చింది. హారన్ తోక ఊపింది. కాలు తీసెయ్యడమంటే దానికేం తెలుసు?

పద్నాలుగు రోజులూ మా దగ్గరే ఉంచుకుంటే పోదా అనుకుంటారేమో. మాకున్నవి నాలుగే గూళ్లు. పైగా ఆ రెండు రోజులూ హారన్ మా చేతి తిండి ముట్టలేదు. మూతి తలుపు వైపు పెట్టుకుని పడుకుంది. బలం లేకపోతే చర్మం అతుక్కోదు, ఇంటికి పంపక తప్పదని డాక్టరమ్మ తేల్చేసింది.

రెండో రోజు మధ్యాహ్నం పిన్ని నా బల్ల దగ్గరికొచ్చి, "స్కూటర్ తియ్యి" అంది.

"ఎక్కడికి?"

"వాళ్లింటికి. మేడం క్లాసులకి వెళ్తుంది కదా, పగలంతా దాన్ని చూసుకునేదెవరో నాకు తెలియాలి. ఆ మనిషిని పట్టుకుని నాలుగు దులిపితే గానీ లాభం లేదు."

దారి పొడుగునా నా వీపు వెనక ఆ నాలుగూ రిహార్సల్ చేసుకుంటూనే ఉంది. సిగ్నల్ దగ్గర పక్కన ఆగిన ఆయన, తననే తిడుతోందనుకుని బండి ముందుకి జరుపుకున్నాడు.

తలుపు తీసింది మేడం గారి అత్తగారు. భారీ మనిషి, మోకాళ్ల నొప్పులు, గోడ పట్టుకుని నడుస్తోంది. కట్ల పిన్ని అని చెప్పగానే మొహం విప్పారింది. "రండమ్మా రండి, హారన్ ఎలా ఉంది? తింటోందా? నేను పెడితే గానీ తినదది" అని మమ్మల్ని కూర్చోబెట్టింది. హారన్‌కి తిండి పెట్టేది, కట్టు మార్చాల్సింది, పగలంతా కాపలా కాసేది ఈవిడేనని అర్థమైంది.

పిన్ని నోరు తెరవబోయి ఆగింది. ఎదురుగా ఫ్రిజ్ తలుపు మీద రెండు అయస్కాంతాల కింద మా కార్డులు రెండూ ఉన్నాయి. నీలిసిరాది ఒకటి, ఎర్రసిరాది ఒకటి.

"కార్డు చదవలేదా అమ్మా మీరు?" అంది పిన్ని.

"ఎందుకు చదవలేదు? కంఠతా వచ్చు నాకు. గరాటు తియ్యకూడదు, తడపకూడదు, గెంతనివ్వకూడదు, రోజూ కట్టు విప్పి చూడాలి."

"మరి చూశారా?"

"లేదు."

"ఎందుకు చూడలేదండీ?" పిన్ని గొంతు లేచింది. రిహార్సల్ చేసిన నాలుగూ వరసగా రాబోతున్నాయని నేను కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నాను.

అత్తగారు గోడ పట్టుకుని లేచి, టీవీ పక్కన నిలబెట్టిన ఫోటో తెచ్చి పిన్ని చేతిలో పెట్టింది. మొదటిసారి మా ఆసుపత్రి నుంచి బయటికొచ్చిన రోజున మేడం తీసిన ఫోటో అది. ఫ్రేము కట్టించారు. నిగనిగలాడే ఒళ్లు, దువ్విన చెవులు, నీలిపూల పట్టీ, మెడలో పువ్వుముడి. హారన్ కాస్త మొహం ఎత్తి గర్వంగా చూస్తోంది.

"చూడమ్మా. ఇందులో పుండున్న కుక్క ఎక్కడుందో చూపించు" అంది అత్తగారు. "పెళ్లికూతురిలా తయారు చేసి పంపించారు. కార్డు మీద ఏదో రాశారు, డాక్టర్లు రాస్తూనే ఉంటారు. నా కళ్లెదురుగా మాత్రం నవనవలాడుతున్న కుక్క ఉంది. ఆ కట్టు ఎంత ముచ్చటగా కట్టారంటే, విప్పితే మళ్లీ నాకలా కట్టడం రాదని విప్పలేదు. పూలగుడ్డ నలుగుతుందని దుప్పటి కూడా కప్పలేదమ్మా. ఒంట్లో బాగాలేని దాన్ని అలా ఎవరైనా సింగారిస్తారా? తగ్గిపోయిందనుకున్నాం."

పిన్ని ఆ ఫోటోని చాలాసేపు చూసింది. డాక్టరమ్మ ఇరవై ఆరేళ్ల కిందట దుప్పటిలో చిరుగు కోసం వెతికినట్టే, ఆ ఫోటోలో గాయం కోసం వెతికింది. ఎక్కడా కనపడలేదు. కనపడకుండా చేసింది తనే.

తిరిగి వచ్చేటప్పుడు వీపు వెనక చప్పుడు లేదు. ఆసుపత్రి గేటు దగ్గర స్కూటర్ ఆపాక, "ఇరవై ఆరేళ్లు వాళ్లని తిట్టానే" అంది. అంతే అంది. ఆ మాట అన్నప్పుడు ఆమె మొహం చూసి నాకు ఏడుపొచ్చింది.

మర్నాడు డాక్టరమ్మ ఆఖరి కుట్లు వేసింది. సాయంత్రం మేడమూ అత్తగారూ తీసుకెళ్లడానికి వచ్చే వేళకి, పిన్ని నా బల్ల దగ్గరికొచ్చి దువ్వెన, చిన్న కత్తెర, పూలగుడ్డల సంచీ నా ముందు పడేసింది.

"ఇవి నీ సొరుగులో పెట్టి తాళం వెయ్యి. నేనడిగినా ఇవ్వకు."

"ఎందుకు పిన్నీ?"

"నా చేతులు వాటంతటవే పోతున్నాయే అటు."

నేను తాళం వేశాను. లోపల డాక్టరమ్మకీ పిన్నికీ మాటామాటా అవుతోంది. మా ఆసుపత్రిలో కట్లగదిలోకి జంతువుల వాళ్లని రానివ్వం. రక్తం చూసి పడిపోతారని, కుక్కలు బెదురుతాయని డాక్టరమ్మ పెట్టిన నియమం. పిన్ని ఆ తలుపు తీసేస్తానంటోంది.

"కుక్కని ఇలా పంపుతావా? మందు మరకలు, రేగిన జుట్టు... చూసినవాళ్లు మనం సరిగ్గా చూసుకోలేదనుకోరూ?" అంది డాక్టరమ్మ.

"అనుకోనివ్వండి."

"లోపలికొస్తే ఆ మేడం కళ్లు తిరిగి పడిపోతుంది పిన్నీ."

"పడిపోతే లేపుతాను. కాలు పోతే తేలేను కదా డాక్టరమ్మా. ఈ ఒక్క కుక్క విషయంలో నా మాట వినండి."

డాక్టరమ్మ చేతులు కడుక్కుంది. తర్వాత తనే వచ్చి తలుపు తీసింది.

నేను కూడా గుమ్మంలో నిలబడి చూశాను. పిన్ని హారన్‌ని బల్ల మీద పడుకోబెట్టి, కట్టు విప్పకుండా చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. "మీరే విప్పండి" అంది అత్తగారితో.

అత్తగారు మెల్లగా గాజుగుడ్డ పొర పొరగా విప్పింది. ఆఖరి పొర తీసేసరికి తొడ దగ్గర్నుంచి మోకాలి దాకా ఎర్రగా వాచిన గీత, దాని మీద వరసగా నల్లటి ముళ్లు, చుట్టూ పసుపుపచ్చ మందు మరక. మేడం నిజంగానే గోడకి ఆనుకుంది. నేను కుర్చీ జరిపాను.

"ఇంత ఉందా!" అంది అత్తగారు.

"మొదటి నుంచీ ఇంతే ఉందమ్మా. నేనే కనపడనివ్వలేదు. తప్పు నాది" అంది పిన్ని. ఆమె నోట ఆ చివరి రెండు మాటలు కలిసి రావడం మా ఇంట్లో ఎవరూ విని ఉండరు, బాబాయితో సహా.

తర్వాత పిన్ని చెయ్యి వెయ్యలేదు. దూది ఎలా పట్టుకోవాలో, మందు ఎంత రాయాలో, గాజుగుడ్డ ఎంత బిగువుగా చుట్టాలో నోటితోనే చెప్పింది. అత్తగారు మూడుసార్లు కట్టి మూడుసార్లు విప్పింది. మూడో కట్టు వంకరటింకరగా ఉంది గానీ గట్టిగా నిలిచింది. ఆ వంకర కట్టు చూసి పిన్ని వేళ్లు రెండుసార్లు ముందుకొచ్చి వెనక్కెళ్లాయి. నా సొరుగు తాళంచెవి నా గుప్పిట్లోనే ఉంది.

"టైలర్ దగ్గర ట్రయల్‌కి వేసుకున్న జాకెట్టుతో ఎవరైనా పెళ్లికి పోతారా అమ్మా?" అంది పిన్ని. "పైన వదులు కుట్లుంటాయి, గుండుసూదులుంటాయి, చేతులు ఒకటి పొట్టి ఒకటి పొడుగు ఉంటాయి. ఇంకా అవ్వలేదని చూడగానే తెలుస్తుంది. హారన్ ఇప్పుడు ట్రయల్‌లో ఉంది. పద్నాలుగో రోజున తీసుకురండి, అప్పుడు పూర్తి చేసిస్తాను."

"అప్పుడు పువ్వుముడి కడతారా?" అని కుర్చీలోంచి మేడం సన్నగా అడిగింది.

"అప్పుడే కడతాను."

హారన్ రేగిన జుట్టుతో, మరకల కాలితో, గరాటు గోడలకి కొట్టుకుంటూ ముందుగది దాటింది. "అబ్బ!" అన్నవాళ్లు ఎవరూ లేరు. "అయ్యో, జాగ్రత్తగా నడిపించండి" అంటూ ఒకావిడ తన పిల్లి బుట్ట పక్కకి తీసి దారిచ్చింది. పిన్నీ నేనూ మొహాలు చూసుకున్నాం. ఇరవై ఆరేళ్లుగా పిన్ని గొంతు చించుకుని చెప్తున్న జాగ్రత్త అనే మాట, ఎవరూ చెప్పకుండానే ఒక అపరిచితురాలి నోట వచ్చింది.

ఆ పద్నాలుగు రోజులూ ఫోను మోగితే పిన్నీ నేనూ ఒకేసారి అటు పరుగెత్తేవాళ్లం. మూడు రోజులకొకసారి వాళ్లు చూపించడానికి వచ్చేవాళ్లు. రెండోసారి వచ్చినప్పుడు గరాటు మీద ఎర్రటి ఎల్ అక్షరం స్టిక్కరు కనపడింది, డ్రైవింగ్ నేర్చుకునేవాళ్ల కారుకి అంటించేది. "వీధిలో అందరూ ముద్దు చెయ్యడానికి మీద పడుతున్నారండీ. ఇది అంటించాక దూరం జరుగుతున్నారు" అంది మేడం. ఇంట్లో అత్తగారు కొడుక్కి కూడా కుక్కని ముట్టుకునే హక్కు లేకుండా చేసిందట. గరాటు అంచు తగిలి తగిలి ఆవిడ కాళ్లు కందిపోయి ఉన్నాయి. అవి మాకు పతకాల్లా చూపించింది.

తొమ్మిదో రోజు పొద్దున్నే ఫోనొచ్చింది. మేడం. "గరాటు పగిలిపోయిందండీ. సోఫాకి కొట్టుకుని రెండు ముక్కలైంది. నేను క్లాసులో ఉన్నాను, ఇప్పుడే ఇంటికొచ్చాను."

"ఎంతసేపైంది పగిలి?" అన్నాను.

"గంటన్నర."

గంటన్నరలో హారన్ కుట్లన్నీ పీకి పారేసే రకం. పిన్ని కొత్త గరాటు తీసుకుని అప్పటికే గేటు దగ్గరుంది.

వెళ్లేసరికి అత్తగారు నేల మీద కూర్చుని ఉంది. ఆ మోకాళ్లతో ఎలా కూర్చుందో, ఎవరి సాయంతో లేస్తుందో ఆవిడకే తెలియాలి. ఒడిలో హారన్ తల. రెండు అరచేతులూ కట్టు మీద కప్పి ఉంచింది. హారన్ నాకాలని మూతి తెచ్చినప్పుడల్లా ఆవిడ చేతుల్నే నాకింది. చేతివేళ్లు నాని ముడతలు పడ్డాయి.

"ఫోను అవతల బల్ల మీదుంది. లేచి వెళ్తే ఇది నాకేస్తుంది. అందుకని కోడలొచ్చేదాకా లేవలేదు" అంది ఆవిడ.

పిన్ని ఆవిడ చేతులు మెల్లగా తీసి, కట్టు విప్పి చూసింది. ఒక్క కుట్టూ కదల్లేదు. పిన్ని ఆవిడ ముడతలు పడ్డ చేతుల్ని తన కొంగుతో తుడిచింది. నేను ఫ్రిజ్ మీది కార్డులు చదువుతున్నట్టు అటు తిరిగాను, కళ్లు తుడుచుకోవడానికి.

ఈలోగా ఆసుపత్రిలో ఇంకో వింత మొదలైంది. పిన్ని దువ్వెన నా సొరుగులోనే ఉండిపోవడంతో మిగతా జంతువులు కూడా మరకలతో, వంకర కట్లతో ఇళ్లకి వెళ్లసాగాయి. కట్లగది తలుపు తెరిచే ఉంచాం. ముగ్గురు కళ్లు తిరిగి పడ్డారు, లేపాం. ఒకాయన "ఇదేంటండీ, ముందు పువ్వు కట్టేవాళ్లు కదా?" అని నామీద ఎగిరాడు. "కుట్లు విప్పే రోజున కడతాం, అదీ సరిగ్గా చూసుకుంటేనే" అన్నాను. ఆ మాట నేనే కల్పించాను. ఆయన కుందేలు పదో రోజున చెక్కుచెదరకుండా వచ్చింది, పువ్వు కోసం. సొరుగులోంచి ఒక గుడ్డముక్క తీసి నేనే కట్టాను. డాక్టరమ్మ లోపల్నుంచి వచ్చి, "ఇలా పంపినవాటిలో కుట్లు ఊడి తిరిగొచ్చినవి ఎన్ని?" అని అడిగితే చీటీలు తిరగేసి చూశాను. ఒకటీ లేదు. ఆవిడ నమ్మక తనే మళ్లీ తిరగేసింది.

పద్నాలుగో రోజు వచ్చింది.

డాక్టరమ్మ ఒక్కో కుట్టూ కత్తిరిస్తుంటే గదిలో కత్తెర చప్పుడు తప్ప ఏమీ లేదు. హారన్ కూడా నోరు మెదపలేదు. ఆఖరి దారం లాగేశాక డాక్టరమ్మ బొటనవేలితో గీత పొడుగునా నొక్కి చూసింది. చర్మం ఎక్కడా విడలేదు. గులాబీరంగులో సన్నటి గీత, దాని పక్కన అప్పుడే మొలుస్తున్న గోధుమరంగు నూగు.

"దింపండి" అంది.

హారన్‌ని కింద పెట్టాం. ముందు మూడు కాళ్ల మీద నిలబడింది, అలవాటు కొద్దీ. అత్తగారు గది అవతలి మూల నిలబడి పిలిచింది. హారన్ నాలుగో కాలు నేల మీద ఆన్చి, ఒకసారి చూసుకుని, పరుగెత్తింది. పిన్ని నోటి నుంచి "హే!" అని చిన్నపిల్ల అరిచినట్టు ఒక కేక వచ్చింది. డాక్టరమ్మ పిన్ని భుజం పట్టుకుని ఊపేసింది. మేడం ఈసారి కుర్చీ అవసరం లేకుండానే ఏడ్చింది.

పిన్ని నా వైపు తిరిగింది. అడగకుండానే సొరుగు తాళం తీసి సంచీ ఇచ్చాను.

ఆ రోజు తలుపు వేసుకోలేదు. అందరి ఎదుటే ఒళ్లు తుడిచింది, దువ్వింది, చెవుల వెనక చిక్కులు తీసింది. ఎర్రపూల గుడ్డ కత్తిరించి పువ్వుముడి వేసింది. గీత మీద మాత్రం ఏమీ కప్పలేదు, అందరికీ కనపడేలా వదిలేసింది. ముందుగదిలోకి రాగానే "అబ్బ!" అన్నారు. ఈసారి పిన్ని తలుపు వెనక దాక్కోలేదు, హారన్ పక్కనే నడిచింది. హారన్ గోడ అదిరేలా మొరిగింది. బుట్టల్లో ఉన్న పిల్లులు జుట్టు నిక్కబొడుచుకున్నాయి. ఎవరో చప్పట్లు కొట్టారు, తర్వాత అందరూ కొట్టారు.

గుమ్మం దగ్గర అత్తగారు ఆగి, గొలుసు చేతికి రెండు చుట్లు చుట్టుకుని, కార్డు కోసం రెండో చెయ్యి చాపింది. "ఇప్పుడేం జాగ్రత్తలో చెప్పమ్మా. రాసివ్వు" అంది.

పిన్ని అలవాటుగా వేళ్లు మడవడానికి చెయ్యి ఎత్తింది. ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది. హారన్ కాలు చూసింది, ఆవిడ కందిపోయిన కాళ్లు చూసింది.

"ఏమీ లేవమ్మా. తీసుకెళ్లండి" అంది.

ఇరవై ఆరేళ్లలో ఆమె ఆ మాట అనడం అదే మొదటిసారి.